అంచున బంటు, నడిమి గళ్లపై గురి

సూర్యాపేటలోనైనా మిర్యాలగూడలోనైనా చదరంగం నేర్పేవాళ్లు ముందు చెప్పేది ఒకటే: రాజు ముందరి బంటును రెండు గళ్లు జరుపు, నడిమి గళ్లు పట్టు. ఎదుటివాడు ఆ బంటును ముట్టుకోకుండా ఎడమ అంచువైపు బి2 బంటును ఒక్క గడి ముందుకు నెడితే మనకు నవ్వొస్తుంది. తొందరపడొద్దు.

ఆ బంటు కదలగానే బి2 ఖాళీ అవుతుంది, శకటు అక్కడికి చేరుతుంది. అక్కడినుంచి ఏటవాలుగా డి4, ఈ5 గళ్ల మీదుగా జి7 దాకా దాని చూపు సాగుతుంది. హైదరాబాద్–విజయవాడ బండ్లను గమనించడానికి సూర్యాపేట నడిబొడ్డులోనే కూర్చోనక్కర్లేదు, సరిహద్దు దగ్గరి కోదాడలో నిలబడినా చాలు. ఇదీ అంతే. 1924 న్యూయార్క్ పోటీలో రేటి గుర్రంతో మొదలుపెట్టి, నడిమి బంట్లను వెనకే ఉంచి, ఎనిమిదేళ్లుగా ఓటమి ఎరగని కాపబ్లాంకాను ఓడించాడు.

బి2 బంటును రెండు గళ్లు నెట్టే ఆట ఇంకా తమాషాగా ఉంటుంది. నల్లవాడు ఈ5 ఆడతాడు, తెల్ల శకటు బి2కి వస్తుంది. నల్ల శకటు బి4 బంటును తింటే, తెల్ల శకటు ఈ5 బంటును తింటుంది. అంచు బంటు ఇచ్చి నడిమి బంటు తీసుకున్నట్టు! ఇక్కడ నల్లవాడు గుర్రాన్ని ఎఫ్6కి తేవాలి. ఏమరుపాటున రెండో గుర్రాన్ని సి6కి తెచ్చాడా, శకటు జి7 బంటును తిని మూలనున్న ఏనుగు మీద పడుతుంది. ఆ ఏనుగుకు కదిలే చోటే లేదు.

అయితే దూరం నుంచి గురిపెట్టేవాడికి సమయం ఖర్చవుతుంది. 1970 బెల్‌గ్రేడ్‌లో సోవియట్ జట్టుకూ మిగతా ప్రపంచానికీ పోటీ. మిగతా ప్రపంచ జట్టులో ఫిషర్ వదులుకున్న మొదటి బల్ల మీద లార్సెన్ బి3తో మొదలుపెట్టాడు, ఎదురుగా ప్రపంచ విజేత స్పాస్కీ. లార్సెన్ తొలి ఆరు ఎత్తుల్లో మూడింటిని ఒకే గుర్రానికి ఖర్చుచేసి, దాన్ని మార్పిడి చేసుకున్నాడు. రాజుకు కోట కట్టనేలేదు. స్పాస్కీ తొమ్మిదో ఎత్తుకే కోట కట్టి, పద్నాలుగో ఎత్తులో ఏనుగును హెచ్1లో ఉచితంగా పడేశాడు. తెల్ల ఏనుగు దాన్ని తినడానికి వెళ్లిన సందులో నల్ల బంటు జి2 చేరింది. పదిహేడు ఎత్తుల్లో ఆట ముగిసింది.

నా లెక్కలో తప్పు బి3ది కాదు, ఆ గుర్రానిది. అంచు నుంచి మొదలుపెట్టాలనుకునేవారు ముందు రాజుకు కోట కట్టండి, ఆ పదిహేడు ఎత్తులనూ ఒకసారి బల్లమీద పేర్చి చూడండి.