కేబీఆర్ పార్కులో నెమలి ఈక తీసుకోవచ్చా?

ఈ రోజు మన జూబ్లీహిల్స్ కేబీఆర్ పార్కు గురించి మాట్లాడుకుందాం. "మా కాలనీ పార్కుకి కుక్కని తీసుకెళ్తాం, ఇక్కడెందుకు వద్దంటారు?" అని గేటు దగ్గర వాదించేవాళ్లని నేను చాలాసార్లు చూశాను. పేరులో పార్కు ఉంది కదా, అక్కడే వస్తుంది తిరకాసు.

కాలనీ పార్కు మనుషుల కోసం కట్టింది. కేబీఆర్ అలా కాదు. సుమారు 390 ఎకరాల ఈ అడవి 1998లో నేషనల్ పార్కు అయింది. చూసుకునేది అటవీశాఖ, వర్తించేది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం. అంటే ఇక్కడ ఇంటి ఓనర్లు నెమళ్లు, మనం చుట్టాలం అన్నమాట.

అలా చూస్తే రూల్స్ అన్నీ అర్థమైపోతాయి. ఆడ నెమలి గుడ్లు పెట్టేది చెట్టు మీద కాదు, నేల మీద, పొదల చాటున. మీ కుక్క ఎంత మంచిదైనా సరే, అది దగ్గరికొస్తే పక్షి గూడు వదిలేసి పోయే ప్రమాదం ఉంది. బిస్కెట్లు వేయడం కూడా ప్రేమేం కాదండీ. పురుగులు, గింజలు ఏరుకుని తినే పక్షికి మన చేతివైపు చూడటం అలవాటు చేస్తున్నాం.

ఇక ఈక సంగతి. చిన్నప్పుడు పుస్తకంలో నెమలీక పెట్టి, పిల్లలు పెడుతుందని ఎదురుచూసిన బ్యాచే కదా మనమంతా! కానీ నేషనల్ పార్కు లోంచి అనుమతి లేకుండా వన్యప్రాణులకి, అడవికి సంబంధించినవేవీ బయటికి తేకూడదని 35వ సెక్షన్ చెబుతోంది. రాలిపోయిన ఈకే అయినా అక్కడే వదిలేయండి. ఫొటో తీసుకోండి, చాలు.

రీల్స్ చేసేవాళ్లకి ఒక మాట. నడుస్తూ ఫోన్‌లో ఒక క్లిప్ తీసుకోవడం వేరు; ట్రైపాడ్, లైట్లు, టీమ్‌తో షూట్ వేరు. రెండోదానికి ముందే పర్మిషన్ అడగాలి. పురి విప్పిన నెమలి కోసం స్పీకర్‌లో పాట పెట్టి వెంటపడటం మాత్రం అస్సలు వద్దు. జంతువుల్ని వేధించడం, చెత్త పడేయడం, ఈ రెండింటినీ చట్టంలో ఒకే వాక్యంలో నిషేధించారు. చిప్స్ ప్యాకెట్ పడేసేవాళ్లు ఈ ముక్క ఇంకోసారి వినండి.

లోపలికి టికెట్ ఉంటుంది. పొద్దున, సాయంత్రం వేళల్లోనే తెరుస్తారు, కాబట్టి మిట్టమధ్యాహ్నం ప్లాన్ పెట్టుకోకండి. కుక్కతో వాకింగే కావాలంటే గచ్చిబౌలి వైపు కుక్కల కోసమే కట్టిన డాగ్ పార్కు ఉంది, అక్కడికెళ్లండి.