పాత కారా? అపురూపమైన కారా?

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఇవాళ పాత కార్లను గురించి మాట్లాడుకుందాం. "కార్ల సంగతి మగవాళ్ళు చూసుకుంటారు, మనకెందుకమ్మా" అని రేడియో కట్టెయ్యకండి. వస్తువును చూసి అసలేదో నకిలీ ఏదో, వట్టి పాతదేదో అపురూపమైనదేదో తేల్చి చెప్పడం మనకు కొత్త విద్య కాదు. మా ఆత్మకూరుకు ఒకవైపు గద్వాల, ఒకవైపు అమరచింత. రెండూ మగ్గానికి పేరుపడ్డ ఊళ్ళే. గద్వాల చీర కొనబోయిన ఆడమనిషి రంగు చూసి మురిసిపోయి డబ్బిచ్చి రాదు. చీర తిరగేస్తుంది. నూలు ఒళ్ళూ పట్టు అంచూ కలిసేచోట వేలు పెట్టి, పోగులు ఒకదానిలో ఒకటి ముడిపడి వున్నాయా, లేక అంచు తెచ్చి అతికించారా అని చూస్తుంది. అదీ తెలివి! పాత కార్ల అభిమానులు చేసే పని కూడా అచ్చంగా ఇదే. బండి చుట్టూ తిరిగి, వంగి, తలుపు తీయించి, "ఇందులో అసలుది ఎంత, తరవాత అతికించింది ఎంత" అని వెతుకుతారు.

ముందు పేర్ల సంగతి చూద్దాం. వింటేజ్ అనీ, క్లాసిక్ అనీ వింటూ వుంటాం. పాత బండ్ల సంఘాలకు అంతర్జాతీయంగా ఒక సమాఖ్య వుంది. వాళ్ళ లెక్కలో 1905 నుంచి 1918 దాకా తయారైనవి వెటరన్ కార్లు. 1919 నుంచి 1930 దాకా వచ్చినవి వింటేజ్ కార్లు. ఆ తరవాతి వాటికి వేరే తరగతులున్నాయి. క్లాసిక్ అనే మాటకు మాత్రం అందరూ ఒప్పుకున్న హద్దు లేదు. పాతదై, అందంగా వుండి, పదిమందీ ఆగి చూసే బండిని అలా పిలుస్తున్నారు. మన దేశపు చట్టం మటుకు తేలిగ్గా తేల్చేసింది. 2021 నాటి నిబంధనల ప్రకారం, మొదట రిజిస్టరై 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలోనే వున్న సొంత వాడకపు బండి వింటేజ్ బండి. స్కూటర్లకూ, మోటారు సైకిళ్ళకూ కూడా ఈ లెక్కే.

అయితే వయసొక్కటే చాలదు. ఇంట్లో పాత ఇత్తడి బిందెలన్నీ అపురూపం కావు గదా! కారు అపురూపం కావాలంటే మూడు సంగతులు చూస్తారు. అసలు తయారైనవి ఎన్ని, వాటిలో మిగిలినవి ఎన్ని, మిగిలినదానిలో అసలు భాగాలు ఎన్ని? అంబాసడర్నే తీసుకోండి. 1957-58లో మొదలై 2014లో ఆగిపోయింది. అన్నేళ్ళలో లక్షల బండ్లు వచ్చాయి కాబట్టి చివరి కాలపు తెల్ల అంబాసడర్ ఇవాళ్టికీ వింత కాదు. కాని 1962 దాకా వచ్చిన మొదటి రకం, దాన్ని మార్క్ వన్ అంటారు, అది కనిపిస్తే అభిమానులు సైకిలు దిగి మరీ చూస్తారు. అంతకు ముందు అదే కంపెనీ చేసిన ల్యాండ్‌మాస్టర్ అయితే ఇంకా అరుదు.

ఇక గుర్తు పట్టడం ఎలాగో చెబుతాను. పిల్లలకు కూడా నేర్పవచ్చు.

మొదటిది ముఖం. మనుషులకు లాగే కార్లకూ ముఖం వుంటుంది. హెడ్‌లైట్ల నడుమ వుండే జాలీయే ముక్కూ నోరూ. రోల్స్ రాయిస్ కారు ముఖం గుడి ముందరి స్తంభాల వరసలా నిటారుగా వుంటుంది. దాని నెత్తిమీద చేతులు వెనక్కి చాచి ముందుకు వంగిన స్త్రీ బొమ్మ వుంటుంది. 1911లో చార్లెస్ సైక్స్ అనే శిల్పి చేసిన బొమ్మ అది.

రెండోది మడ్‌గార్డులు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వచ్చిన కార్లకు చాలావాటికి మడ్‌గార్డులు ఒంటికి అంటకుండా విడిగా, రెక్కల్లా వుండేవి. హెడ్‌లైట్లు కూడా లాంతర్లలాగా విడిగా నిలబడేవి. ఎక్కడానికి తలుపు కింద పొడుగాటి ఫుట్‌బోర్డు వుండేది. యుద్ధం తరవాత ఇవన్నీ మెల్లమెల్లగా ఒంట్లో కలిసిపోయాయి. ఈ ఒక్క గుర్తుతో బండి యుద్ధానికి ముందుదా తరవాతదా అనేది సుమారుగా చెప్పెయ్యవచ్చు.

మూడోది తలుపులు. 1950లలో వచ్చిన ఫియట్ 1100 కారుకు ముందు తలుపులు ఇప్పటిలా కాకుండా ఎదురు దిక్కుకు, గాలికి ఎదురుగా తెరుచుకునేవి. అవే ఫియట్లు తరవాత తలుపులు సరిచేసుకుని, 1970లలో పద్మిని అని మన పేరు పెట్టుకుని, బొంబాయి టాక్సీలై తిరిగాయి. మద్రాసులో 1961 నుంచి తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కు ఇంకో వింత. బానెట్ ఎత్తితే మడ్‌గార్డులతో సహా ముందు భాగమంతా ముందుకు వంగి లేస్తుంది. మేస్త్రీకి ఇంజను చుట్టూ నిలబడి పని చేసుకోవడం ఎంత సుఖమో!

నాలుగోది లోపలి సరంజామా. పాత ఫియట్‌కూ, అంబాసడర్‌కూ గేరు కాళ్ళ దగ్గర కాదు, స్టీరింగు పక్కనే వుండేది. ముందు సీటు సోఫాలా ఒకటే పలక. అందుకే ఇద్దరు పిల్లలను నడుమ కూర్చోబెట్టుకోగలిగేవాళ్ళు. ఇంకా పాత బండ్లలో మలుపు తిరిగేటప్పుడు దీపం వెలగదు. పక్క స్తంభం లోంచి చిన్న చెయ్యి లాంటిది బయటికి లేచి దారి చూపుతుంది.

అయిదోది నంబరు ప్లేటు. మన రాష్ట్రంలో 1989కి ముందు రిజిస్టరైన బండికి మూడు ఇంగ్లీషు అక్షరాలూ, పక్కన అంకెలూ వుండేవి. ఎ.పి. 22 లాంటి జిల్లా నంబర్లు ఆ తరవాతవే. పాత మూడక్షరాల ప్లేటు కనిపిస్తే, ఆగి చూడాల్సిన బండే అనుకోండి.

ఇన్ని గుర్తులూ ఒక ఎత్తు, హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో వున్న పసుపుపచ్చ కారు ఒక ఎత్తు. అది 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. ఆరో నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ దాన్ని తెప్పించమన్నారు. 1911 ఆగస్టులో ఆయన కన్నుమూశారు. బండి వచ్చేనాటికి గద్దె మీద వున్నది ఆయన కుమారుడు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా వుంటుంది. అందుకే దానికి సింహాసనపు కారు అని పేరు. ఊరేగింపులకూ దర్బారు వేడుకలకూ తప్ప బయటికి తీసింది తక్కువ. ఇంజను ఆరు సిలిండర్లది, 7 లీటర్లకు పైమాటే. మనం ఎరిగిన మారుతి 800 ఇంజను లీటరు కూడా లేదు గదా, పోల్చి చూసుకోండి!

సిల్వర్ ఘోస్ట్ రకం కార్లు 1926 దాకా అన్నీ కలిపి 8,000కు లోపే తయారయ్యాయి. కాని ఇందులో ఒక కిటుకుంది. ఆ రోజుల్లో రోల్స్ రాయిస్ కంపెనీ ఇంజనూ, చక్రాలూ, కింది చట్రమూ మాత్రమే ఇచ్చేది. పై కట్టడం వేరే కంపెనీ చేత చేయించుకోవాలి. నిజాము కారుకు ఆ పని చేసింది లండన్‌లోని బార్కర్ కంపెనీ. మనం తాను ఒక కొట్లో కొని దర్జీకి ఇచ్చి మన కొలతలకు కుట్టించుకుంటామే, అలాగన్నమాట. అందుకే ఒకే రకం కార్లు వెయ్యి వున్నా, అచ్చంగా ఇలాంటిది ఇంకొకటి వుండదు. చాలా ఏళ్ళు మూలపడి వున్న ఆ కారుకు మరమ్మతు చేయించి ప్రదర్శనకు పెట్టారు. పిల్లలను తీసుకెళ్ళినప్పుడు షాండ్లియర్లు చూసి వచ్చెయ్యకుండా ఆ బండి ముందు అయిదు నిమిషాలు నిలబడండి.

అన్ని కార్లకూ ఆ అదృష్టం పట్టలేదు. మా పాలమూరు వైపు వనపర్తి, గద్వాల, ఆత్మకూరు, కొల్లాపురం అన్నీ సంస్థానాలే. 1948లో హైదరాబాదు రాజ్యం ఇండియన్ యూనియన్లో కలిసింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1971లో దేశమంతటా రాజభరణాలు పోయాయి. పెద్ద బండ్లను మేపడం ఎవరికైనా కష్టమైపోయింది. వనపర్తి రాజప్రాసాదంలో పాలిటెక్నిక్ పెట్టారు, భవనం నిలిచింది. కారును కాలేజీ చెయ్యలేం గదా! దేశంలో ఎన్నో సంస్థానాల బండ్లు చవగ్గా చేతులు మారాయి, కొన్ని సముద్రాలు దాటాయి, ఎన్నో పాత ఇనుము కింద తూకానికి పోయాయి. తరవాత ప్రభుత్వం పాతకాలపు కార్ల ఎగుమతికి అడ్డుకట్ట వేసింది.

తూకానికి పోవడం రాజుల నాటితో ఆగలేదు. ఇప్పుడు మన ఇళ్ళలోనే జరుగుతోంది. అసలు నేను ఈ ప్రసంగానికి ఒప్పుకున్నది ఇది చెబుదామనే. మా పెద్దమ్మ ఇంటి వెనక షెడ్డులో ఆమె మామగారు కొన్న ఫియట్ ఒకటి ఎన్నో ఏళ్ళుగా పడి వుంది. దానిమీద కట్టెలు పేర్చేవాళ్ళు. పాత ఇనుప సామాన్లవాడు వచ్చి, బరువు అంచనా కట్టి ఒక ధర చెప్పాడు. కొడుకులు సరేనన్నారు. పెద్దమ్మ మాత్రం, "ఏమే అమ్మాయీ, నేను కాపురానికొచ్చింది ఆ కారులోనే. దానికి కిలోల లెక్కన ధర కడుతుంటే మనసొప్పడం లేదే" అన్నది. ఊళ్ళో పాత మేస్త్రీని పిలిపించాం. ఆయన కట్టెలు తీయించి, ముందు తలుపు తెరిచి చూసి, "తలుపు ఎదురు తిరిగిందమ్మా, ఇది తొలి రకం. వాడికి ఇవ్వకండి" అన్నాడు. పెద్దమ్మ ట్రంకు పెట్టె అడుగున, పట్టుచీరల కింద, ఆర్.సి. బుక్కు దొరికింది. ఆ బండి ఇంకా కదలలేదు. కదిలించాలంటే చాలా డబ్బు కావాలి, ఓపిక గల మేస్త్రీ కావాలి. కాని తూకానికి మాత్రం పోలేదు.

మీ పుట్టింటనో అత్తింటనో ఇలాంటిదేమైనా వుంటే ఈ నాలుగు మాటలు గుర్తు పెట్టుకోండి.

మొట్టమొదట కాగితాలు వెతకండి. ఆర్.సి. బుక్కు, పాత ఇన్సూరెన్సు కాగితాలు, కొన్ననాటి బిల్లు, ఆ కారు పక్కన నిలబడి దిగిన పెళ్ళి ఫోటో అయినా సరే, దాచిపెట్టండి. కాగితం లేని బండికి కథ వుండదు, కథ లేకపోతే విలువ సగమే.

రెండు, తొందరపడి రంగు వేయించకండి, ఇంజను మార్పించకండి. పాత చీరకు కొత్త అంచు వేయిస్తే ఏమవుతుందో కారుకూ అదే అవుతుంది. మాసిన అసలు రంగుకు వున్న విలువ మెరిసే కొత్త రంగుకు వుండదు.

మూడు, ప్లాస్టిక్ పట్టా కప్పకండి. లోపల చెమ్మ చేరి తుప్పు పడుతుంది. నూలు దుప్పటి కప్పండి. బ్యాటరీ తీయించండి. పాత పెట్రోలు తోడించండి. ఎలుకలు సీట్లలో పిల్లలు పెట్టకుండా నెలకోసారి తలుపులు తీసి దులపండి.

నాలుగు, చట్టం సంగతి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళే. ఆ తరవాత అయిదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. కాని 50 ఏళ్ళు దాటిన బండికి 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు. కొత్తగా అయితే రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది, ఆ పైన పొడిగింపుకు 5,000. నంబరులో వి.ఎ. అనే అక్షరాలు వుంటాయి. అప్పటికే రిజిస్టరైన బండి తన పాత నంబరునే వుంచుకోవచ్చు. అయితే ఆ బండిలో రోజూ కూరగాయలకు పోతామంటే కుదరదు. ప్రదర్శనకూ, ర్యాలీకీ, మరమ్మతుకూ, పెట్రోలుకూ మాత్రమే రోడ్డెక్కాలి.

ఇక చూడబోయినప్పటి మర్యాదలు. ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రిక వారు 1964లో మొదలుపెట్టిన పాత కార్ల ర్యాలీ పేరు మోసింది. ఇంగ్లండులో నవంబరు మొదటి ఆదివారం లండన్ నుంచి బ్రైటన్ దాకా 1905కు ముందు పుట్టిన కార్లే నడుస్తాయి. ధర్మస్థలకు యాత్ర వెళితే మంజునాథస్వామి దర్శనం అయ్యాక అక్కడి కార్ల మ్యూజియం కూడా చూసి రండి. ఎక్కడికి వెళ్ళినా సరే, చెయ్యి మాత్రం వెయ్యకండి. జరీకి చెమట తగిలితే ఎలా నల్లబడుతుందో, నికెలు పూతకూ పాత రంగుకూ అలాగే మరక పడుతుంది. మెడలో గొలుసు, చేతిసంచీ తలుపుకు రాసుకోకుండా చూసుకోండి. పిల్లలను ఫుట్‌బోర్డు ఎక్కనివ్వకండి. యజమానిని "ఎంత పెట్టి కొన్నారు, లీటరుకు ఎంత ఇస్తుంది" అని అడిగితే ముఖం ముడుచుకుంటారు. "ఇందులో అసలు భాగాలు ఏవండీ? ఎక్కడ దొరికింది?" అని అడిగి చూడండి. గంటసేపు కుర్చీ వేసి మరీ చెబుతారు.

చివరగా ఒక్క మాట. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినప్పుడు అదో కొత్త వింత. తరవాత వీధికి పది కనిపించేసరికి ఎవరూ తలెత్తి చూడలేదు. 2014లో తయారీ ఆగిపోయింది. ఇప్పుడు తొలినాటి బండి కోసం అభిమానులు ఊరూరా వెతుకుతున్నారు. అందరి దగ్గరా వున్నంతకాలం ఏ వస్తువునూ మనం లెక్కచెయ్యం. అందరూ పారేశాక ఒక్కరు దాచిందే అపురూపం అవుతుంది. ఆ దాచే ఒక్కరు, చాలా ఇళ్ళలో, తాళంచెవుల గుత్తి చేతిలో వున్న ఇల్లాలే. పాత సామాన్లవాడు వాకిట్లో కేకేసినప్పుడు, తక్కెట్లో పెట్టబోయే ముందు, ఒక్కసారి తిరగేసి చూడండి.