కుక్కను పెంచువారికి కొన్ని మాటలు

తెలుగు పాఠము చెప్పుకొనువారికి కుక్కల ప్రసక్తి ఏలయని సంపాదకవర్గమువారు చిరునవ్వు నవ్విరి. కనుక కారణము ముందుగా చెప్పుచున్నాము.

గత వానకాలమున మా తరగతిలోని విద్యార్థి ఒకడు కుంటుచు వచ్చినాడు. ఏమైనదని అడుగగా మొదట బదులు చెప్పలేదు. పిక్కకు చుట్టిన గుడ్డ విప్పించి చూచితిమి. నాలుగు పంటిగాట్లు, వాటిపై దట్టముగా పసుపు, సున్నము, కారము! కరచినది వీధికుక్క కాదు. వారింటి మూడు నెలల కుక్కపిల్లయే. పాలు త్రాగి పెరిగిన పిల్లకు పిచ్చి ఎక్కడిదని ఇంటివారు ఊరకుండిరి. ఆ పూటయే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోయి టీకా వేయించితిమి. ఆరవనాడు ఆ కుక్కపిల్ల చచ్చినది. కుర్రవాడు సూదులన్నియు పూర్తి చేసికొని నేడు రెండవ సంవత్సరము చదువుచున్నాడు. అతని తండ్రి మొన్న మమ్ము కలిసి, మరల ఒక పిల్లను తెచ్చుకొనవచ్చునా, తెచ్చినచో ఎట్లు పెంచవలెనని అడిగినారు. ఆయనకు చెప్పిన సంగతులే ఇచట వ్రాయుచున్నాము.

మొదట ఆ కాటు సంగతి. మన పెద్దలు జలభయమని పిలిచిన రేబిస్ వ్యాధి మనుష్యులకు నూటికి 99 పాళ్లు కుక్కల వలననే వచ్చుచున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. గాయములో పడిన వ్యాధిక్రిమి నరముల వెంట మెల్లగా మెదడునకు ప్రాకును. ఆ ప్రయాణమునకు పట్టు దినములే మనకు మిగిలిన గడువు. మెదడును చేరి లక్షణములు బయటపడిన పిమ్మట మందన్నది లేదు. చేరకముందు టీకా పడినచో మనిషి దక్కును. లూయీ పాశ్చర్ 1885 జూలై 6వ తేదీన 9 ఏండ్ల జోసెఫ్ మైస్టరుకు టీకా వేసి నిరూపించినది ఈ సంగతినే.

కరచిన వెంటనే చేయవలసిన పని ఒక్కటే. ధారగా పడు నీటిక్రింద గాయము నుంచి సబ్బుతో 15 నిమిషములు కడుగవలెను. సబ్బే ఎందుకనగా, ఈ క్రిమికి పైన క్రొవ్వుతో కూడిన పొర కలదు. సబ్బు ఆ పొరను కరగించును. కారము, సున్నము, కాఫీపొడి పెట్టుట వలన గాయము రేగుటయే గాని క్రిమి చావదు. పిదప ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. బొడ్డుచుట్టు 14 సూదులు పొడుతురను భయము మన పల్లెలలో ఇంకను పోలేదు. జంతువుల మెదడు కణజాలముతో చేసిన ఆ పాత టీకా తయారీ మన దేశములో 2004తో నిలిచిపోయినది. నేడు భుజమునకే వేయుదురు. చర్మములోనికి వేయు పద్ధతిలో మొదటి దినము, ఆ పిమ్మట 3, 7, 28వ దినములు వచ్చిన చాలును. నెత్తురు వచ్చునట్లు కరచినచో గాయములోనికే ఇమ్యునోగ్లోబులిన్ అను మరియొక మందు ఎక్కింతురు. కరచిన కుక్కను 10 దినములు కనిపెట్టి చూడుడని వైద్యులు చెప్పుట నిజమే. అది టీకా వేయించుకొనుచు చేయవలసిన పనియే గాని, టీకా మానుకొని ఎదురుచూచుట కాదు.

ఇక ఆ జనకుని ప్రశ్న. పిల్లను తెచ్చుకొనవచ్చును. అయితే దానికి మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, ఆ పిమ్మట వైద్యుడు చెప్పిన గడువులలో మరల మరల తప్పక వేయింపవలెను.

రేబిస్ కంటె ముందుగా పిల్లలను పొట్టనబెట్టుకొనునది పార్వో. 1978 ప్రాంతమున ప్రపంచమంతట వ్యాపించిన వ్యాధి ఇది. కురుపామునకు వచ్చిన క్రొత్తలో మేము ఒక విక్రేత వద్ద తెల్లని బొచ్చుపిల్లను కొంటిమి. టీకాలన్నియు వేసితినని ఆయన అనగా నమ్మి, కాగితము అడుగలేదు. పది దినములలోనే వాంతులు, నెత్తురు విరేచనములు పట్టుకొని మూడవ రాత్రికి పోయినది. మా పిల్లలు వారము దినములు సరిగా అన్నము తినలేదు. పార్వో, డిస్టెంపరు మొదలగు వ్యాధులకు కలిపి వేయు టీకాను 6 నుండి 8 వారముల వయస్సున మొదలిడి, 3 లేక 4 వారములకొకసారి చొప్పున 16 వారములు నిండువరకు వేయవలెను. తల్లిపాల వలన వచ్చిన రక్షణశక్తి తొలి టీకాను పనిచేయనీయకపోవచ్చును. అందుకే ఇన్ని మార్లు. పార్వో క్రిమికి ఆ క్రొవ్వుపొర లేదు గనుక సబ్బునకు, ఫినాయిలుకు సులభముగా చావదు. మట్టిలో నెలల తరబడి బ్రదుకును. గచ్చును బ్లీచింగుపొడి నీటితో కడుగవలెను. మేము మరొక పిల్లను తెచ్చుటకు ఏడాది ఆగితిమి.

నివాసమును గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది. మన ఇండ్లలో పలువురు కుక్కను గడప లోపలికి రానీయరు. నమాజు చేయు చోటికి దూరముగా పెరటిలో ఉంచుట తప్పు కాదు. దూరముంచుట వేరు, ఎండవానలకు విడిచిపెట్టుట వేరు. దప్పిగొన్న కుక్కకు నీరు త్రాపి దైవకరుణ పొందినవాని కథ వినని విద్యార్థి మన కళాశాలలో ఉండడు. కురుపాము కొండల అడుగున ఉన్న ఊరు. జూన్ మొదలు వానలు, అక్టోబరు నవంబరులలో బంగాళాఖాతపు తుపానులు, పిదప కొండగాలి చలి. కనుక కుక్కగూడు నేలకు అడుగెత్తున ఉండవలెను. వానజల్లు కొట్టు దిక్కునకు వాకిలి పెట్టరాదు. కుక్క తల వంచక నిలువబడుటకు, కాళ్లు చాచి పండుకొని తిరుగుటకు చోటున్న చాలును. మరీ విశాలమైనచో చలికాలమున వెచ్చదనము నిలువదు. పైన ఇనుపరేకు వేసినచో వేసవిలో అది పొయ్యియే యగును. కుక్కకు మనవలె ఒళ్లంతయు చెమట పట్టదు. నాలుక చాచి ఒగర్చియే వేడిని పోగొట్టుకొనును. పెంకుల కప్పు, దానికి తోడు చెట్టునీడ ఉత్తమము. గోడలలో పగుళ్లుండరాదు. గోమారి కుక్క నెత్తురు త్రాగి బలిసి, దిగి గోడ పగులులోనికి ప్రాకి వేలకొలది గ్రుడ్లు పెట్టును. కుక్క ఒంటిమీద గోమార్లను ఏరినంత మాత్రమున అవి తీరకపోవుటకు కారణమిదే. పగుళ్లు పూడ్చి సున్నము కొట్టించి, కుక్కకు వైద్యుడు చెప్పిన మందు వాడవలెను. ఈ గోమార్లే నెత్తురులోనికి జ్వరము ఎక్కించును.

మేపు విషయమున ఇచటివారు ఇచ్చు చోడి అంబలి, అన్నము మంచివే. వాటికి తోడు గ్రుడ్డో మాంసమో కావలెను. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్టు విషతుల్యములు. పండుగ దినములలో మనము చేయు పొరపాటులు రెండు. ఉడికిన ఎముకలు విసరుట మొదటిది. అవి పెళుసై చీలి ప్రేగులను కోయును. రెండవది ఇంకను ప్రమాదకరము. బక్రీదు నాడు నీటిబుడగలున్న పచ్చి కాలేయము, ఊపిరితిత్తులు కుక్క ముందు పారవేయుదురు. ఆ బుడగలలోని పురుగుపిల్లలు కుక్క ప్రేగులలో బద్దెపురుగులై, వాటి గ్రుడ్లు మలముతో బయటపడి, చేతులు కడుగని పిల్లల కడుపులోనికి చేరును. ఏండ్లు గడచిన పిమ్మట వారి కాలేయమున అట్టి బుడగలే పెరుగును. ఆ భాగములను కుక్క త్రవ్వి తీయలేనంత లోతున పాతిపెట్టవలెను. కుక్కకు నులిపురుగుల మందు పిల్లప్రాయమున తరచుగాను, పిదప వైద్యుని సలహాపైనను ఇయ్యవలెను.

జాతుల మాట వచ్చినచో మన యువకులకు అల్సేషియన్, లాబ్రడార్ తప్ప మరియొకటి తోచదు. తెలుగువారికి సంబంధించిన జాతులను ఎరిగినవారు అరుదు. తమిళదేశమున రాజపాళయములో స్థిరపడిన తెలుగు రాజుల పేరుతో ముడిపడిన తెల్లని వేటకుక్క రాజపాళయము జాతి. 2005లో తపాలా శాఖవారు దాని బొమ్మతో బిళ్ల వెలువరించిరి. 2020లో కర్నాలులోని జాతీయ పశు జన్యువనరుల సంస్థవారు చిప్పిపారై, ముధోల్ జాతులతో పాటు దీనిని నమోదు చేసిరి. అయితే పాలవంటి తెలుపునకై పట్టుబట్టి దగ్గర రక్తములో చూలు కట్టించుటచే ఈ జాతిలో పుట్టుచెవుడు మెండు. కొనదలచినవారు పిల్ల వెనుక నిలిచి చప్పట్లు కొట్టి చూడవలెను. ఇక మన కొల్లేటి ప్రాంతపు జోనంగి. నుదుట ముడతలు, పొట్టి వెండ్రుకలు గల ఈ కుక్క మొరుగుట తక్కువ. ఒక విధమైన కూనిరాగము తీయును. నేలను త్రవ్వి గోతిలో పండుకొనుట దాని అలవాటు. బాతుల మందలను కాచుటకు దీనిని వాడిరి. చేపల చెరువులు విస్తరించి బాతుల పెంపకము తగ్గుటతో అదియు అరుదైనది.

కురుపాము, గుమ్మలక్ష్మీపురము ప్రాంతములలో సవర, జాతాపు గూడెములలో మేకలను, చేలను కాయు కుక్కలకు జాతి పేరేమియు లేదు. ఈ నేలకు అలవాటుపడిన వాటిని మించినవి మాకు కనబడలేదు. అయితే ఏనుగులు తిరుగు తావులకు కుక్కను వెంటగొనిపోరాదు. మొరిగి ఏనుగును రెచ్చగొట్టి, తరిమినపుడు తిరిగి యజమాని కాళ్లయొద్దకే పరుగెత్తివచ్చును.

పిల్లలను అమ్ముకొనదలచినవారు 2017 నాటి కేంద్ర నియమములను చదువవలెను. పెంపకదారు నమోదు కావలెను. 18 నెలలు నిండని ఆడుకుక్కకు చూలు కట్టింపరాదు. జీవితమున 5 ఈతలకు మించరాదు. 8 వారములు నిండని పిల్లను అమ్మరాదు. చూలు సుమారు 63 దినములు. పిల్లలు వలదనుకొనువారు శస్త్రచికిత్స చేయింపవలెను గాని, పుట్టినవాటిని సంచిలో కట్టి సంతకడ విడుచుట మనుష్యులు చేయవలసిన పని కాదు.

ఆ విద్యార్థి ఇంటికి గూడెము నుండి ఎఱ్ఱని ఆడుపిల్ల వచ్చినది. కాగితముపై టీకా తేదీలు వ్రాసి వారి వంటయింటి తలుపునకు అంటించి వచ్చితిమి. రెండు సూదులు పడినవి. మూడవది వచ్చు శుక్రవారము, జుమా నమాజు పిమ్మట.