ఫర్ వృక్షాల తెగుళ్లు, పురుగులు: గుర్తింపు – నివారణ

ఉపోద్ఘాతం:

శీతల దేశాల ఉద్యానాల్లోనూ క్రిస్మస్ అలంకరణలోనూ ప్రసిద్ధమైన ఫర్ వృక్షాన్ని కొన్ని తెలుగు అనువాదాల్లో ‘దేవదారు’ అని వ్యవహరించడం కనిపిస్తుంది. వృక్షశాస్త్రరీత్యా ఫర్ ‘ఆబీస్’ ప్రజాతికి, హిమాలయ దేవదారు ‘సెడ్రస్’ ప్రజాతికి చెందినవి. కథలో ఈ పొరపాటు వల్ల పెద్ద నష్టం లేదు. చెట్టు సంరక్షణలో మాత్రం అది హానికరం. అనేక తెగుళ్లు, పురుగులు కొన్ని ప్రజాతులనే ఆశిస్తాయి. కాబట్టి చెట్టును సరిగా గుర్తించడమే నివారణకు తొలిమెట్టు.

1. చెట్టును గుర్తించడం:

ఫర్ సూదులు కొమ్మపై ఒక్కొక్కటిగా మొలుస్తాయి. రాలినచోట నున్నని గుండ్రని మచ్చ మిగులుతుంది. దేవదారు ముదురు కొమ్మలపై సూదులు గుత్తులుగా ఉంటాయి. ఫర్ శంకువులు నిటారుగా నిలిచి, పండిన తరువాత చెట్టుపైనే పొలుసులుగా విడిపోతాయి. స్ప్రూస్ శంకువులు కిందికి వేలాడతాయి. డగ్లస్ ఫర్ పేరులో ‘ఫర్’ ఉన్నా అది ఆబీస్ ప్రజాతికి చెందదు.

2. లక్షణాలను గుర్తించడం:

శరత్కాలంలో కొమ్మల లోపలి పాత సూదులు పసుపుబారి రాలడం సహజం. అది తెగులు కాదు. కింది లక్షణాలు మాత్రం గమనించదగినవి.

అ) ఉన్ని పురుగు (బాల్సమ్ వూలీ అడెల్జిడ్): కాండంపై తెల్లని దూది చుక్కలు, కొమ్మల కణుపుల వద్ద వాపు దీని గుర్తులు. ఇది బెరడులోకి నోటి సూదిని దించి రసం పీలుస్తుంది. దాని లాలాజలం వల్ల కలప అసహజంగా పెరిగి నీటి ప్రసరణ తగ్గుతుంది. ఐరోపా నుంచి అమెరికా చేరిన ఈ పురుగును 1957లో ఉత్తర కరోలినాలోని మౌంట్ మిచెల్‌పై గుర్తించారు. ఆ తరువాతి దశాబ్దాల్లో అక్కడి సహజారణ్యాల్లో ఎదిగిన ఫ్రేజర్ ఫర్ వృక్షాలు అధికభాగం నశించాయి.

ఆ) వేరుకుళ్లు: శిలీంధ్రాన్ని పోలిన ఫైటోఫ్తోరా దీనికి కారణం. నీరు నిలిచే నేలలో సూదులు పసుపుబారి, గోధుమరంగుకు మారి, క్రమంగా చెట్టంతా ఎండుతుంది. వేళ్లు ముదురు గోధుమరంగులో కుళ్లి కనిపిస్తాయి.

ఇ) నల్లి: సూదులపై సన్నని పసుపు చుక్కలు ఏర్పడతాయి. కొమ్మ కింద తెల్లకాగితం పట్టి తడితే కదిలే చుక్కలుగా నల్లులు రాలుతాయి.

ఈ) తుప్పు తెగులు: కొత్త సూదుల అడుగున తెల్లని లేదా పసుపు బొబ్బలు వస్తాయి. దీనికి కారణమైన శిలీంధ్రాలు జీవితచక్రం పూర్తిచేయడానికి ఫెర్న్ వంటి మరొక మొక్కను ఆశ్రయిస్తాయి.

3. నివారణ:

వేరుకుళ్లు సోకిన చెట్టును మందుతో బాగుచేయడం సాధ్యం కాదు. అందుకే నీరు ఇంకిపోయే వాలు నేలను ఎంచుకోవాలి. ఈ తెగులును తట్టుకునే జపాన్ మోమి ఫర్ వేరుమూలంపై ఫ్రేజర్ ఫర్‌ను అంటుకట్టడం మరో మార్గం. చెట్టు చనిపోయినచోట మళ్లీ ఫ్రేజర్ ఫర్ నాటరాదు. ఉన్ని పురుగుకు ఉద్యాన నూనెను కాండమంతా తడిసేలా పిచికారీ చేయాలి. నత్రజని ఎరువును మితిమీరి వేయరాదు. అన్ని పురుగులనూ చంపే మందులు నల్లిని తినే మిత్రకీటకాలనూ చంపి నల్లి ఉధృతిని పెంచుతాయి. తుప్పు తెగులు కనిపించినచోట సమీపంలోని ఫెర్న్ మొక్కలను తొలగించాలి.

ముగింపు:

పసుపుబారిన సూది ఒక్కటే చూసి మందు చల్లితే తెగులు మిగిలి, మిత్రకీటకాలు పోతాయి. చెట్టు పేరు, లక్షణం కనిపించిన భాగం, నేల స్థితి – ఈ మూడింటినీ కలిపి చూసినప్పుడే నిర్ధారణ సాధ్యమవుతుంది. మొక్కల పేర్లను తెలుగులోకి తెచ్చే అనువాదకులకు, నిఘంటుకర్తలకు కూడా ఈ స్పష్టత అవసరం.