జీవనోపాధి – రచనావ్యాసంగం

పోచంపల్లి నేతలో నూలుకు ముందే ముడులు కట్టి, రంగులద్ది, అనంతరమే మగ్గంపై నేస్తారు. రచనకు కూడా అట్టి పూర్వసన్నాహం అవసరం. ఉపాధికి పోగా మిగిలిన వేళలో వ్రాసేవారికి ఆ తీరిక దొరకదు; అచ్చుకు ఇవ్వవలసిన గడువు మాత్రం ఆగదు.

నల్లగొండ జిల్లా నకిరేకల్ ప్రాంతీయుడైన వట్టికోట ఆళ్వారుస్వామి జీవితం ఇందుకు నిదర్శనం. వంటపని చేస్తూనే ఆయన విద్య నేర్చారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకాలను స్వయంగా మోసుకొనిపోయి ఊరూరా విక్రయించారు. ఉద్యమాలు, చెరసాల, ఇతరుల గ్రంథాల ప్రచురణ – వీటి నడుమనే ‘ప్రజల మనిషి’ నవలను రచించారు. ‘గంగు’ ముగియకమునుపే 1961లో కన్నుమూశారు. అసంపూర్ణమైన ఆ నవల మరణానంతరం వెలువడింది. ఎంత తరచుగా ప్రకటించారన్నది కాక, ఏమి మిగిల్చారన్నదే రచయితకు గీటురాయి.