విదేశాల్లో ఇంగ్లిష్ టీచర్ జాబ్.. టీచర్ల సదస్సులకు ఎందుకంత డిమాండ్?

చేతిలో డిగ్రీ ఉంది. ఇంగ్లిష్ బాగా వచ్చు. ఫ్లైట్ ఎక్కి జపాన్‌లో దిగారు. కొద్ది రోజులకే ఓ స్కూల్లో పిల్లల ముందు నిలబడ్డారు. కానీ పాఠం చెప్పిన అనుభవం మాత్రం లేదు. అక్కడికి టీచర్‌గా వెళ్లే విదేశీయుల్లో చాలామంది పరిస్థితి ఇదే.

జపాన్ ప్రభుత్వం 1987లో జెట్ ప్రోగ్రామ్ మొదలుపెట్టింది. విదేశీ యువతను స్కూళ్లలో అసిస్టెంట్ టీచర్లుగా తీసుకునే స్కీమ్ ఇది. ఏదైనా డిగ్రీ ఉంటే చాలు, టీచర్ ట్రైనింగ్ సర్టిఫికెట్ తప్పనిసరి కాదు. వచ్చిన కొత్తలో ఓరియెంటేషన్ ఇస్తారు. ఆ తర్వాత నేరుగా క్లాస్‌రూమే. మరి పాఠం చెప్పడం నేర్చుకునేది ఎక్కడ?

డ్యూటీలో భాగంగా ఒకటి

జెట్ టీచర్ల కోసం స్థానిక ప్రభుత్వాలు స్కిల్ డెవలప్‌మెంట్ కాన్ఫరెన్స్ పెడతాయి. దీనికి వెళ్లడం డ్యూటీ కిందే లెక్క. జపాన్ ఇంగ్లిష్ టీచర్లు కూడా వస్తారు. ఎందుకంటే క్లాసులో ఇద్దరూ కలిసే పాఠం చెప్పాలి. ఎవరు ఏ భాగం చెప్పాలి? నోరు విప్పని పిల్లలతో ఎలా మాట్లాడించాలి? చర్చంతా ఇలాంటి వాటి మీదే.

సొంత ఖర్చుతో ఇంకొకటి

టీచర్ల సంఘాలు పెట్టే సదస్సులు వేరు. జపాన్‌లో జాల్ట్ అనే సంఘం ఏటా అంతర్జాతీయ సదస్సు నిర్వహిస్తుంది. 2024 నవంబర్‌లో షిజుఓకాలో జరిగింది 50వది. వర్క్‌షాపులు, ప్రెజెంటేషన్లు, పుస్తకాల స్టాళ్లు అన్నీ ఒకేచోట ఉంటాయి. అయితే స్కూల్ సాయం చేయకపోతే ఫీజు, రైలు ఛార్జీలు, హోటల్ ఖర్చు అన్నీ టీచర్ జేబు నుంచే పోతాయి.

అయినా ఎందుకు వెళ్తారు? అసలు సంగతి ఇక్కడే ఉంది. జెట్ కాంట్రాక్ట్ ఏడాదికోసారి రెన్యువల్ అవుతుంది. గరిష్ఠంగా ఐదేళ్లు. ఆ తర్వాత? అక్కడే ఉండాలంటే వేరే ఉద్యోగం, దానికి తగ్గ వీసా కావాలి. యూనివర్సిటీ పోస్టులకు సాధారణంగా మాస్టర్స్ డిగ్రీతో పాటు పబ్లికేషన్లు, సదస్సుల్లో ఇచ్చిన ప్రెజెంటేషన్లు చూస్తారు. అంటే సదస్సులో మాట్లాడిన అరగంట రెజ్యూమెలో ఓ లైన్ అవుతుంది. అక్కడ కలిసిన మనిషి రేపు ఖాళీ పోస్టు గురించి చెప్పొచ్చు. సొంతూరికి దూరంగా, స్కూల్లో ఒకే ఒక్క విదేశీయుడిగా ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయమేం కాదు.

కొరియాలో మనవాళ్లకు ఛాన్స్?

దక్షిణ కొరియాలోనూ ఇదే సీన్. 1992లో ఏర్పడిన కోటెసోల్ సంఘం అక్కడ టీచర్లకు సదస్సులు పెడుతుంది. ప్రభుత్వ స్కూళ్లలో విదేశీ టీచర్లను ఎపిక్ ప్రోగ్రామ్ ద్వారా తీసుకుంటారు. ఇందులో ప్రధానంగా అమెరికా, బ్రిటన్ లాంటి 7 దేశాల వారికే అవకాశం. అయితే 2010లో అమల్లోకి వచ్చిన భారత్-కొరియా వాణిజ్య ఒప్పందంతో మనవాళ్లకూ దారి దొరికింది. కాకపోతే డిగ్రీతో పాటు టీచింగ్ లైసెన్స్ ఉండాలి. అమెరికా వాళ్లకు లేని కండిషన్ మనకు ఉందన్నమాట. రూల్స్ మారుతుంటాయి కాబట్టి అప్లై చేసే ముందు తాజా నోటిఫికేషన్ చూసుకోవాలి.

ఇక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు

సదస్సుల అనుభవం కోసం విదేశాలకే వెళ్లక్కర్లేదు. హైదరాబాద్‌లో 1958లో మొదలైన సంస్థే నేటి ఇఫ్లూ. అక్కడికి విదేశాల నుంచి కూడా ఇంగ్లిష్ శిక్షణ కోసం వస్తుంటారు. చెన్నై కేంద్రంగా పనిచేసే ఎల్టాయ్ అనే ఇంగ్లిష్ టీచర్ల సంఘం కూడా సదస్సులు నిర్వహిస్తుంది. ఇలాంటి చోట ఒక ప్రెజెంటేషన్ ఇచ్చినా రెజ్యూమెకు బలమే.

చివరగా ఒక్క మాట. విదేశీ స్కూల్ ఇంటర్వ్యూలో జీతం, రూమ్ గురించి అందరూ అడుగుతారు. వాటితో పాటు సదస్సులకు లీవ్ ఇస్తారా, ఫీజు కడతారా అని కూడా అడగండి. టీచర్‌ను ఎదగనిస్తారా, ఏడాది వాడుకుని పంపేస్తారా అన్నది ఆ జవాబుతో కొంతైనా తెలుస్తుంది.