ఇనుము గట్టిదే.. మరి లోపలి మనిషి?

‘పాత కార్లు ఇనుప దిమ్మెలు, ఇప్పటివి రేకు డబ్బాలు’.. మెకానిక్ షెడ్లలో, టాక్సీ స్టాండ్లలో తరచూ వినిపించే మాట ఇది. చిన్నపాటి తాకిడికే కొత్త కారు బంపరు పగిలి, మరమ్మతుకు వేల రూపాయలు వదిలినప్పుడు అది నిజమేననిపించడం సహజం. అయితే కారుకు సొట్ట పడకపోవడం వేరు, అందులోని మనిషి బతకడం వేరు.

ఈ భేదాన్ని అమెరికాలో జరిగిన ఒక పరీక్ష కళ్లకు కట్టింది. అక్కడి రహదారి భద్రత బీమా సంస్థ (ఐఐహెచ్‌ఎస్) తన 50 ఏళ్ల సందర్భంగా 2009లో వర్జీనియాలోని ప్రయోగశాలలో 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్‌ను, 2009 నాటి షెవర్లే మాలిబును ఎదురెదురుగా ఢీకొట్టించింది. ఒక్కో కారు వేగం గంటకు 64 కిలోమీటర్లు. డ్రైవరు వైపు భాగాలు మాత్రమే తగిలేలా ఏర్పాటు చేశారు. బరువులో రెండింటికీ పెద్ద వ్యత్యాసం లేదు.

బెల్ ఎయిర్‌లో డ్రైవరు కూర్చునే చోటే నలిగిపోయింది. తలుపు తెరుచుకుంది. ముందు అద్దం ఊడిపోయింది. స్టీరింగ్ వెనక్కి దూసుకొచ్చింది. ఆ స్థానంలో మనిషి ఉంటే ప్రాణాలు దక్కేవి కావని నిపుణులు తేల్చారు. మాలిబు ముందుభాగం నుజ్జయినా లోపలి గది చెక్కుచెదరలేదు. బొమ్మ డ్రైవరు కాలికి మాత్రమే గాయమయ్యే సూచన కనిపించింది. పాత కారులో ఇంజిన్ తీసేశారని, తుప్పు పట్టిన బండిని తెచ్చారని అభిమానులు అనుమానించారు. ఇంజిన్ ఉందని సంస్థ స్పష్టం చేసింది.

కారణం అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. పైనుంచి విసిరిన ఇటుకను అందుకునే కూలీ చేతులను కాస్త వెనక్కి లాగుతాడు. బిగబట్టి నిలిపితే వేళ్లు విరుగుతాయి. కొత్త కారు ముందుభాగం చేసే పనీ అదే. తాను క్రమంగా నలుగుతూ తాకిడిని మింగుతుంది. నలగని గట్టి గది దాని వెనుక ఉంటుంది. వేగం రెట్టింపైతే తాకిడి శక్తి నాలుగింతలవుతుంది కనుక ఆ శక్తి ఎక్కడో ఖర్చు కావాల్సిందే. రేకులో కాకుంటే దేహంలో! బరువుకు విలువ లేదని కాదు. లారీ, కారు ఢీకొంటే నష్టం తేలికైన దానికే ఎక్కువ.

విచిత్రమేమిటంటే, నలిగే ముందుభాగంతో మెర్సిడెస్ కారు, వోల్వో ఇంజినీరు నీల్స్ బోలిన్ రూపొందించిన మూడు బిందువుల సీటు బెల్టు వచ్చింది కూడా ఆ 1959లోనే.

మన అంబాసిడర్‌ది కూడా ఆ కాలపు నమూనాయే. బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఆధారంగా రూపొంది, 2014 వరకు ఉత్తరపాడ కర్మాగారంలో తయారైంది. దానిని ముచ్చటగా దాచుకున్నవారు ఊళ్లో నెమ్మదిగా తిప్పుకోవచ్చు గానీ, జాతీయ రహదారిపై వేగంగా నడిపేటప్పుడు రేకు మందాన్ని నమ్ముకోవడం ప్రమాదకరం. దేశంలో కొత్త నమూనా కార్లకు ఢీకొట్టే పరీక్షలు తప్పనిసరి అయింది 2017 అక్టోబరు నుంచే.

కొత్త కారు కొని, ‘గట్టిదనం’ కోసం ముందు ఇనుప గార్డు బిగించుకునేవారు మరో విషయం గమనించాలి. నలగాల్సిన భాగాన్ని ఆ గార్డు నలగనివ్వదు. ఎయిర్‌బ్యాగు సకాలంలో తెరుచుకోవడానికీ అడ్డు కావచ్చు. ఇటువంటి గార్డులపై చర్యలు తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు సూచించింది. బెల్టు పెట్టుకోకుంటే ఎయిర్‌బ్యాగు ఉన్నా పూర్తి రక్షణ దక్కదు.